సింగారి గంపలో నల్లులు

ఒక పెరట్లో సింగారి అనే కోడిపెట్ట గంపలో తొమ్మిది గుడ్లు పొదుగుతోంది. ఆ గంపలో నల్లులు చేరాయి. అవి కుడుతుంటే కుదురుగా కూర్చోలేకపోయేది. లేస్తే గుడ్లు చల్లారిపోతాయని భయం. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని ఎవరికీ చెప్పలేదు.

మూడో రోజుకి నీరసంతో తల వాల్చేసింది. అటుగా వచ్చిన బాతు, "ఏమైంది వదినా, ఇలా చిక్కిపోయావు?" అని అడిగింది.

సింగారి ఏడుస్తూ అంతా చెప్పేసి, "నేను శుభ్రంగా ఉండనని అనుకుంటావేమో" అంది.

బాతు పకపకా నవ్వింది. "నల్లులకి శుభ్రంతో పనేముంది? నెత్తురుంటే చాలు. నిరుడు నా గూట్లోనూ చేరాయి. చీమలే నన్ను గట్టెక్కించాయి. లే, గుడ్లు నా గూట్లోకి చేరుద్దాం. వాటిమీద నేను కూర్చుంటాను."

ఇద్దరూ గుడ్లను మెల్లగా దొర్లించుకెళ్లారు. సింగారి గంపను మండుటెండలోకి ఈడ్చింది. వేడికి నల్లులు సందుల్లోంచి బయటపడ్డాయి. బాతు కబురందుకున్న చీమలు బారులు తీరి వచ్చి, ఒక్కటీ మిగల్చకుండా మోసుకుపోయాయి.

వారం తిరిగేసరికి తొమ్మిది పిల్లలూ కిచకిచలాడాయి. ఆ మర్నాడే, కంచె చాటున ఒళ్లు గోక్కుంటున్న గిన్నెకోడి కనబడింది. సింగారి గొంతెత్తి పిలిచింది: "నల్లులా పిన్నీ? సిగ్గెందుకు, ఇలా రా! చీమలకి నేను కబురు పెడతాను."