పేడ ఎవరిది?

"గంప దించు" అన్నాడు లచ్చయ్య.

యాదమ్మ దించలేదు. నెత్తి మీది గంపను రెండు చేతులతో గట్టిగా పట్టుకుని నిలబడింది. లచ్చయ్య జగపతి పటేలు దగ్గర జీతగాడు. వారం కిందటి దాకా పటేలు పశువులు కాసేవాడు. ఇప్పుడు ఆ పని మాన్పించి, పేడ దొంగలను పట్టుకొమ్మని వాడకట్టు మలుపులో కావలి పెట్టాడు పటేలు.

"దించకుంటే దించకపాయె. గంపతోనే నడువు. పటేలు రమ్మన్నడు."

జగపతి ఇంటి వెనుక గోబర్ గ్యాస్ తొట్టి చుట్టూ అప్పటికే పదిమంది చేరారు. చిట్యాల దాకా బస్సులో, అక్కడి నుంచి ఎడ్లబండి మీద వచ్చిన ఆఫీసరు చెమట తుడుచుకుంటూ తొట్టిలోకి తొంగి చూస్తున్నాడు. కరెంటు స్తంభాలు ఆ ఊరికి మూడు మైళ్ల అవతలే ఆగిపోయాయి. అందుకే సర్కారు ఈ తొట్టి ఇచ్చింది. పేడ కలిపి పోస్తే గ్యాసు పుడుతుంది, దాంతో ఇంట్లో పొయ్యి మండుతుంది, దీపం వెలుగుతుంది అని చెప్పారు. పొయ్యి మండుతోంది కానీ మంట గోరంత కంటే పైకి లేవడం లేదు. జగపతి భార్య లీలావతి సగం ఉడికిన అన్నం గిన్నె తెచ్చి, ఆఫీసరుకు కనబడేలా అరుగు మీద పెట్టి లోపలికి పోయింది.

తొట్టిలో లోపమేమీ లేదన్నాడు ఆఫీసరు. పేడ చాలడం లేదట. ఇట్లాగే ఉంటే తొట్టి దండగైందని రాసి పోవలసి వస్తుందట.

జగపతికి తల తీసేసినట్టయింది. తన కొట్టంలో పన్నెండు పశువులున్నాయని, పేడంతా వాడకట్టు ఆడవాళ్లు ఎత్తుకుపోతున్నారని చెప్పాడు. సరిగ్గా అప్పుడే లచ్చయ్య యాదమ్మను తెచ్చి ముందు నిలబెట్టాడు.

"గిదీ సారూ దొంగ" అన్నాడు జగపతి.

యాదమ్మ గంప దించింది. ఆమె కోడలు నీలికి ప్రసవమై ఐదు రోజులైంది. బాలింతకూ పసిగుడ్డుకూ వేన్నీళ్లు కాచాలి. అడవిలో పుల్ల విరిస్తే గార్డు గొడ్డలి గుంజుకుంటాడు. పిడకలు తప్ప ఆ ఇంట్లో పొయ్యికి వేరే దిక్కు లేదు. రెండు రోజులుగా అవీ లేవు.

"దొంగ అనకు పటేలా. మంద పోయే తొవ్వల పేడ పడితే, ఎవరు ముందుగాల పుల్ల గుచ్చితే వాళ్లదే. మా అవ్వ కాలం నుంచి గంతే."

ఆ కాలం పోయిందన్నాడు జగపతి. పశువు ఎవరిదో పేడ వాళ్లదే, అది ఎక్కడ పడ్డా సరే అన్నాడు.

ఆఫీసరు తల ఊపాడు. పేడను పొయ్యిలో తగలబెట్టడం అజ్ఞానమని, తొట్టిలో వేస్తే గ్యాసు వస్తుందని, మిగిలిన ముద్ద పొలానికి బంగారం లాంటి ఎరువని యాదమ్మకు నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"గ్యాసు పటేలు ఇంట్లకు. ఎరువు పటేలు పొలంలకు. మరి నా పొయ్యిలకేంది సారూ?"

ఆఫీసరు నవ్వాడు. ఈ 'గది', 'గిది' భాష తనకు సగం అర్థం కాదని పక్కనున్న వాళ్లతో అన్నాడు. వాళ్లూ నవ్వారు. వాళ్లలో వాడకట్టు వాళ్లు కూడా ఉన్నారు. యాదమ్మ ఆఫీసరును వదిలేసి జగపతి వైపు తిరిగింది.

"ఊర్ల నూరు గొడ్లున్నయ్. గిది నీ పశువుల పేడే అని ఎట్ల చెప్తవ్ పటేలా?"

అది నిజమే, రుజువు లేనిదే తాను కాగితం మీద పెట్టలేనన్నాడు ఆఫీసరు.

జగపతి చేతికర్రతో గంపలోని పేడను విరిచాడు. లోపల నల్లగా పొట్టు కనిపించింది. కర్ర కొసతో దాన్ని గీకి ఆఫీసరు ముక్కు దగ్గరకు తెచ్చాడు.

"చూడున్రి సారూ. పత్తిగింజల పొట్టు. ఈ ఊర్ల పత్తిగింజలు తినే పశువులు నా కొట్టంల తప్ప ఎవలకున్నయ్? వీళ్లయి గడ్డి తినే బక్క గొడ్లు."

"జర మంచిగ చూడు పటేలా" అంది యాదమ్మ. "నీయేనా? మల్ల కాదనవు గద?"

"నా ఎడ్ల పేడ నాకెర్క లేదా? పదిమంది ముందర చెప్తున్న. నాయే."

ఆఫీసరు మోకాలి మీద కాగితం పెట్టుకుని అంతా రాశాడు. గంపలోని పేడ జగపతి గారి ఎడ్లదేనని, పత్తిగింజల పొట్టును బట్టి గుర్తుపట్టారని పైకి చదివి వినిపించాడు. జగపతి సంతకం పెట్టాడు. సాక్షులుగా ఇందాక నవ్విన వాళ్లలో ఇద్దరు వేలిముద్రలు వేశారు. ఇక ఒక్కటే మిగిలిందన్నాడు ఆఫీసరు. ఆమె దాన్ని ఎక్కడ ఎత్తిందో కూడా రాయాలి.

"చెప్పు" అన్నాడు జగపతి. "ఏడ ఎత్తినవ్? కొట్టంలనా, తొవ్వలనా?"

యాదమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంది.

"మా మక్కచేన్ల పటేలా. పొద్దుగాల నీ ఎడ్లు వడి ఎకరం మేసి, గింత పెట్టి పోయినయ్."