మసక ఫొటోలు

"ఇదీ మసకే," అంటూ మార్లిస్ ఫొటోను బల్ల మీద పడేసింది. "ఇదీ అంతే. ఒక్కటైనా తిన్నగా తీశావా, కర్ట్?"

కొడుకు కాఫీ కప్పు పక్కన పెట్టి ఫొటో అందుకున్నాడు. "బాగానే ఉంది కదమ్మా! ఓడ మీద పేరు కూడా చదవొచ్చు."

పేరేమిటి, అసలు ఓడేది? బూడిదరంగు మరక తప్ప అందులో ఏమీ లేదు. మార్లిస్ భర్త ఆర్విడ్ కూడా సరిగ్గా ఇలాగే అనేవాడు. చూపు పూర్తిగా పోయే ముందువారం దాకా, బాగానే కనిపిస్తోందని బుకాయించాడు. ఆ జబ్బు కొడుక్కీ రావచ్చని డాక్టరు అప్పుడే చెప్పాడు.

"కొత్త కెమెరాకి ఆ పాత లెన్సులెందుకురా? కొత్తవైతే వాటంతట అవే సరిచూసుకుంటాయట కదా?"

"నాన్నవి కాబట్టి. రింగు చేత్తో తిప్పుకోవాలి, అంతే. సరిగ్గా కుదరగానే కెమెరా కూత పెడుతుంది."

"అంటే నువ్వు చూసి తియ్యడం లేదు, విని తీస్తున్నావు!"

"అబ్బా, మొదలుపెట్టావూ!"

ఆమెకు నవ్వు రాలేదు. మొన్ననే బండితో వీధిలో పోస్టు డబ్బాను గుద్దాడు. మంచుకి జారిందన్నాడు. ఆర్విడ్ కూడా అదే అనేవాడు.

"కనీసం లైటైనా వేసుకో. చీకట్లో కూర్చుంటే ఉన్న కళ్ళు కూడా పోతాయి."

"వేసే ఉందమ్మా."

వెలుగుందో లేదో కూడా తెలియడం లేదన్నమాట వీడికి! ఇక దాచి లాభం లేదనుకుంది మార్లిస్.

"పొద్దున మీ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. నీకు కళ్ళు ఆనడం లేదని చెప్పాను."

కర్ట్ ఫొటో బల్ల మీద పెట్టేశాడు. "ఏమన్నాడు?"

"డాక్టరు కాగితం తెచ్చేదాకా రోడ్ల మీద మంచు తోసే లారీ ఎక్కనివ్వనన్నాడు."

"అమ్మా! పదమూడేళ్ళ ఉద్యోగం! సోమవారం నుంచి ఈ ఏటి పని మొదలు. ఈ డులూత్‌లో, చలికాలంలో, ఆ లారీ లేకపోతే నేనేం తిని బతకాలి?"

"బతికుంటే కదరా తినేది! ఆ కొండ రోడ్డు మీంచి లారీతో సహా సరస్సులో పడితే?"

కర్ట్ విసురుగా లేచి, కెమెరా తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు. "ఇదిగో, నువ్వే తీసి చూడు. అప్పుడు మాట్లాడుదువుగాని. కిటికీ వైపు తిరుగు, అక్కడ వెలుతురుంది."

ఆమె కెమెరాను కంటికి ఆనించుకుంది. కిటికీ పక్కన గోధుమరంగులో, పొడుగ్గా కనిపించాడు కొడుకు. అచ్చం తండ్రి భుజాలే. రింగు తిప్పింది. ఎటు తిప్పినా మసకే. కూత మాత్రం వినిపించింది. పాపం, ఇన్నాళ్ళూ వీడు తీస్తున్నదీ ఇలాగేనన్నమాట.

కోపంతో బిగుసుకుపోయినట్టున్నాడు. కదలడు, పలకడు. మార్లిస్‌కు ఏడుపొచ్చింది.

"నీ మంచికే చేశాన్రా ఆ ఫోను. ఇటు చూడు. ఒక్కసారి నవ్వు, నాన్నా."

జవాబు ఆమె వెనకనుంచి వచ్చింది.

"అమ్మా, అది నా కోటు."