అడుగున వదిలిన ఫైలు

బేరమాడడంలో నర్సయ్య శెట్టిని మించినవాడు గిద్దలూరులో లేడు. పెండ్లికార్డులు వేసే కృష్ణమూర్తి చనిపోతే, అతని దుకాణాన్ని పాత కంప్యూటర్‌తో సహా కొనేశాడు. అందులోని కార్డుల నమూనాలన్నీ కొత్త కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. పొద్దున బేస్తవారిపేట పెండ్లివాళ్లు వస్తారు. వాళ్లకు కార్డు చూపించలేకపోతే ఈ ముహూర్తాల బేరమంతా ఎదుటి దుకాణానికి పోతుంది.

దీపాలు పెట్టినాక భార్య పార్వతితో కలిసి పనిలో దిగాడు. పాతదాంట్లో ఫ్లాపీ నింపడం, కొత్తదాంట్లో దించడం, పాతదాంట్లో చెరిపెయ్యడం. చివరికి పేరు లేని ఫైలొకటి మిగిలింది. దాన్ని ముట్టుకోకుండా ఫ్లాపీ తీసేశాడు.

“అదెందుకు వదిలినారు?”

“బస్తా అడుగంటా దులిపితే లక్ష్మి నిలుస్తాదా? గుప్పెడు వదలాల.”

“కందులకు చెప్పిన మాట కంప్యూటర్‌కు గూడానా!” పార్వతి నవ్వి, పాతదాని ప్లగ్గు పీకేసింది.

దుకాణం సద్దుమణిగింది. అప్పుడు పాత కంప్యూటర్ లోపల ఫ్లాపీ తిరుగుతున్న గరగర వినపడింది. ఫ్లాపీ శెట్టి చేతిలోనే ఉంది.

“ఇటు చూడండి,” అంది పార్వతి.

గరగరమన్నప్పుడల్లా కొత్త కంప్యూటర్ తెర మీద ఒక నమూనా పేరు మాయమవుతోంది.

శెట్టి కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. “కృష్ణమూర్తన్నా, బోర్డు మీద నీ పేరే ఉంచుతా. ఉన్నవన్నా వదులు.”

గరగర ఆగింది.

“ఒప్పుకున్నట్టేనా?” పార్వతి గుసగుసలాడింది.

“బేరంలో మాటాపినాడంటే ఒప్పుకున్నాడని కాదే,” అన్నాడు శెట్టి, తెర మీంచి చూపు తిప్పకుండా. “ఇంకా అడుగుతాడని.”