పిల్లికి జాకెట్టు

ఆఖరి టిచ్ బటన్ నొక్కగానే పిల్లి ఒక పక్కకు ఒరిగి, నాలుగు కాళ్లూ బారజాపి, కటింగ్ బల్ల మీద చచ్చినట్టు పడిపోయింది.

టైలర్ కాశిం వంగి దాని మొహంలోకి చూశాడు. గుణదలలో ముప్పయ్యేళ్లుగా బట్టలు కుడుతున్నాడు. చేతులు పట్టేశాయన్నవాళ్లని చూశాడు, మెడ వెడల్పయిందని అలిగినవాళ్లని చూశాడు. వేసుకోగానే పడిపోయినవాళ్లని మాత్రం ఇదే చూడటం.

"బిగుతైందేమో భాయ్," అంది నాగమల్లేశ్వరి. పొద్దున్నే కూరగాయల సంచిలో పిల్లిని వేసుకొచ్చి, దానికో జాకెట్టు కుట్టి వీపు మీద తాడు తగిలించే రింగు పెట్టమని కూర్చున్నది ఆవిడే.

"రెండు వేళ్లు దూరుతున్నాయమ్మా. చూడండి," అంటూ కాశిం వేళ్లు దూర్చి చూపించాడు. పిల్లి ఒక కన్ను తెరిచి, అతని చేతి మీద గోటితో నిదానంగా ఒక గీత గీసి, మళ్లీ కన్ను మూసుకుంది.

"బతికే ఉంది," అన్నాడు కాశిం చెయ్యి విదిలించుకుంటూ.

"అది నడవాలి భాయ్. సాయంత్రం మా అపార్ట్‌మెంట్‌లో మీటింగ్ ఉంది. పిల్లి కిందికి దిగితే తాడుతోనే దిగాలంట. లేదంటే దాన్నైనా వదిలెయ్యాలంట, నేనైనా ఖాళీ చెయ్యాలంట. ఏడేళ్ల నుంచి పెంచుకుంటున్న పిల్లిని ఎక్కడ వదలమంటారు?" ఆవిడ జాకెట్టు వైపు చెయ్యి చూపించింది. "పిల్లి ఇది వేసుకుని నడుస్తుందన్న ధైర్యం నాకు రావాలి. నడిస్తేనే తీసుకెళ్తాను."

కాశిం కుట్టిన బట్ట ఇంతవరకూ ఏదీ వద్దని వెనక్కి రాలేదు. అతను పిల్లిని ఎత్తి గచ్చు మీద నిలబెట్టాడు. అది నిలబడలేదు. రింగుకి తాడు తగిలించి మెల్లగా లాగాడు. గచ్చు తుడిచే గుడ్డలాగా పిల్లి అతని వెంట గుమ్మం దాకా జారుకుంటూ వచ్చింది. దాని వెనక నేల శుభ్రపడింది తప్ప అది ఒక్క అడుగూ వెయ్యలేదు.

నడుము దగ్గర అరంగుళం వదులు చేశాడు. పడుకుంది. మెడ దగ్గర కుట్లు విప్పి మెత్తటి లైనింగ్ వేశాడు. లైనింగ్ హాయిగా ఉన్నట్టుంది, గురక పెట్టింది.

"రంగు నచ్చలేదేమోనమ్మా. చిలకాకుపచ్చ మరీ కొట్టొచ్చినట్టుంది," అన్నాడు.

"ఉన్నవాటిల్లో అదే బాగుంది భాయ్."

చివరికి ఏం తోచక, ఎలా నడవాలో పిల్లికి చూపిద్దామని కాశిం మోకాళ్ల మీద వంగి, చేతులు నేలకానించి, మిషన్ చుట్టూ ఒక రౌండు కొట్టాడు. సరిగ్గా అప్పుడే ఆటో బాలశౌరి తన ఖాకీ చొక్కా కోసం లోపలికొచ్చాడు. నేల మీదున్న కాశింని చూశాడు, ఆకుపచ్చ జాకెట్టు తొడుక్కుని పడుకున్న పిల్లిని చూశాడు.

"నేను రేపొస్తాలే కాశింగారూ," అని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

లోపల చీరకి ఫాల్ కుడుతున్న కాశిం భార్య అక్తరున్నీసా ఇంక ఉండబట్టలేక లేచి వచ్చింది.

"మీరు లాగుతున్నంతసేపూ అది లేవదండీ. అదేమన్నా కుక్కా? తాడు వదులుగా పట్టుకుని ఊరుకోండి. దాని వంక చూడను కూడా చూడకండి."

ఆవిడ వంటింట్లోంచి నాలుగు ఎండు రొయ్యలు తెచ్చి, పిల్లికి మూడడుగుల దూరంలో ఒకటి పెట్టింది. ముగ్గురూ ఫ్యాన్ వంక చూస్తూ నిలబడ్డారు. కాసేపటికి కింద కరకరమని చప్పుడైంది. ఆవిడ రెండోది గుమ్మం దగ్గర పెట్టింది, మూడోది మెట్టు మీద పెట్టింది. నాలుగోది పెట్టే అవసరం లేకుండానే పిల్లి తోక నిలబెట్టి వీధిలోకి నడిచింది.

"అది ఎటు పోతే అటు పోండి," అంది అక్తరున్నీసా.

కాశిం పోయాడు. పిల్లి స్కూటర్ టైరు వాసన చూస్తూ అయిదు నిమిషాలు ఆగితే అయిదు నిమిషాలూ ఆగాడు. గోడ పక్కన ఒళ్లు నాక్కుంటే ఎండలో నిలబడ్డాడు. పిల్లి దర్జాగా రోడ్డు దాటుతుంటే చెయ్యి అడ్డం పెట్టి రెండు ఆటోలనూ, ఒక సిటీ బస్సునూ ఆపాడు. కండక్టరు కిటికీలోంచి తల బయటపెట్టి, "జాకెట్టు బాగుంది భాయ్," అన్నాడు. తన పెళ్లినాడు కూడా కాశిం ఇంత ఠీవిగా నడవలేదు.

ఎదురు వరసలో ఉన్న చికెన్ షాపు మెట్టు మీద పిల్లి చతికిలబడింది. నాగమల్లేశ్వరి వెనకాలే వచ్చి చేరింది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఇంక నాకు భయం లేదు భాయ్. మీటింగులో ధైర్యంగా చెప్తాను," అంటూ కింద కూర్చుని, టిచ్ బటన్లు ఒక్కొక్కటే విప్పి, జాకెట్టు మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ మరుక్షణం పిల్లి షాపు బల్ల కిందికి దూరి మాయమైపోయింది.

"అమ్మా, పిల్లి పారిపోయింది," అంటూ కాశిం కంగారుగా బల్ల కిందికి వంగాడు.

"పోనీలెండి భాయ్, అది ఉండేది ఇక్కడే," అంది నాగమల్లేశ్వరి సంచి భుజాన వేసుకుంటూ. "మా పిల్లి నన్నే ముట్టుకోనివ్వదు, ఇంక మీకేం కొలతలిస్తుంది? అందుకే మన జాకెట్లకి పాతది తెచ్చిస్తామే, అలా దీన్ని ఆదికి తెచ్చాను."