చప్పుడు లేని చక్రాలు

సైకిలు షాపు షట్టరు ఇంకా సగమే లేచింది. దాని కింద నుంచే వంగి లోపలికి వచ్చేసింది లెక్కల మాస్టారి భార్య.

"తమ్ముడూ, ఇవాళ మా ఆయన కొత్త చక్రాలకి వస్తున్నారు. నీకు పుణ్యముంటుంది, చప్పుడు చెయ్యనివి మాత్రం అమ్మకు!"

మెకానిక్ చేతిలోని స్పానర్ పక్కన పెట్టాడు. చప్పుడు లేని చక్రాలు కావాలన్నవాళ్ళను చూశాడు గానీ, వద్దని బతిమాలేవాళ్ళను చూడటం ఇదే మొదలు.

సంగతేమిటంటే, మాస్టారు ఉన్నంతసేపూ ఆ ఇంట్లో గడియారం కూడా భయపడుతూ కొట్టుకుంటుంది. ఆయన పొద్దున్నే కొండ రోడ్డుకి సైకిలెక్కారంటే మాత్రం గంటన్నర సేపు ఇల్లు ఇల్లులా ఉండదు. కూతురు హాల్లో బల్ల పక్కకు జరిపి డాన్సు మొదలుపెడుతుంది. ఈవిడ గిన్నె బోర్లించి తాళం వేస్తుంది. షుగరున్న మామగారు పాత పేపర్ల కట్ట వెనక దాచుకున్న క్రీము బిస్కెట్లు బయటికి తీస్తారు.

ఇదంతా ఒక్క చప్పుడు చలవే. తొక్కడం ఆపినా, దిగి నడిపించినా ఆయన సైకిలు వెనక చక్రం టకటకమని మోగుతుంది. మాస్టారు రోజూ సందు మొదట్లోనే దిగి నడిపించుకుంటూ వస్తారు.

"సందు ఎత్తు కదా, పాపం వయసు మీద పడుతోంది" అంది ఆవిడ. "టకటక వినపడగానే అన్నీ సర్దేస్తాం. ఆయన గుమ్మంలోకి వచ్చేసరికి అమ్మాయి చేతిలో పుస్తకం, నా చేతిలో చీపురు, మామయ్యగారి చేతిలో పేపరు."

"మరి ఇప్పుడేమైందమ్మా?"

"పోయిన సోమవారం నువ్వు సర్వీసింగు చేసి, చక్రంలో గ్రీజు దట్టించి పంపావుగా! పిల్లిలా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. అమ్మాయి కాలు గాల్లో ఉంది. మామయ్యగారు బిస్కెట్టు పొలమారి కళ్ళు తేలేశారు."

"అయ్యో! సారేమన్నారు?"

"ఏమీ అనలేదు, అదే నా భయం. మామయ్యగారికి మంచినీళ్ళు తాగించి, స్నానానికి వెళ్ళిపోయారు. మర్నాటి నుంచీ నోటు పుస్తకం ముందేసుకుని కొత్త చక్రాల లెక్కలు! మమ్మల్ని రోజూ పట్టుకోవడానికి కాకపోతే మరెందుకు?"

ఆవిడ వెళ్ళిన పావుగంటకి మామగారే కర్ర ఊతంతో వచ్చారు. అటూ ఇటూ చూసి, మెకానిక్ చేతిలో రెండు క్రీము బిస్కెట్లు పెట్టారు.

"అబ్బాయ్, మావాడికి మూగ చక్రాలు అంటగట్టావంటే నా నోట్లో మట్టి కొట్టినట్టే!"

మెకానిక్ బిస్కెట్లు తిని మాటిచ్చేశాడు. ఇచ్చాక గుర్తొచ్చింది, తను అబద్ధం చెప్పాల్సింది ఎవరికో. ఏడో తరగతిలో ఎక్కం అప్పజెప్పలేక మాస్టారి ముందు అరగంట గోడకుర్చీ వేసినవాడు అతను. ఆయన ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు.

"ఏరా గోడకుర్చీ!"

మాస్టారు రానే వచ్చారు. చంకలో నోటు పుస్తకం.

"కార్బన్ చక్రాలు కావాలి. కొండకి తేలిగ్గా ఉండాలి. లోతు రిమ్ములొద్దు, మలుపుల దగ్గర గాలికి పక్కకి లాగేస్తాయి. ఆ కొండ ఎక్కడా ఆగకుండా ఎక్కేవాణ్ణి, గాలికి పడ్డానంటే పరువు పోతుంది."

మెకానిక్ రెండు జతలు దించాడు. మొదటిదాని వెనక చక్రం తిప్పితే గాలి కదిలినంత చప్పుడు కూడా లేదు. రెండోది తిప్పితే ఎదురుగా కిళ్ళీకొట్టు దగ్గరున్న ఇద్దరు తిరిగి చూశారు. మాస్టారు చెవి ఆనించి రెండూ విన్నారు. మొహంలో ఏ భావమూ లేదు.

"ఏది మంచిది?"

"రెండోది సార్."

"బరువు?"

"ముప్ఫై గ్రాములు... ఎక్కువ సార్."

"ఖరీదు?"

"అదీ కాస్త ఎక్కువే."

"మరి ఇందులో మంచేమిట్రా?"

మెకానిక్ నుదుటికి చెమట పట్టింది. వీపు దానంతటదే గోడకి ఆనుకుంది. మాట మార్చడానికి సిరామిక్ బేరింగుల పెట్టె తెరిచాడు. దాంట్లోనూ అబద్ధం పెగల్లేదు.

"ఇవి వేస్తే గంట ప్రయాణంలో ఏవో కొన్ని సెకన్లు మిగులుతాయి సార్. పందేలవాళ్ళకి సరే, మనకి దండగ. ఉన్న బేరింగులే శుభ్రంగా ఉంచుకుంటే చాలు."

"కొన్ని సెకన్లు ముందు ఇంటికెళ్ళి నేను చేసేదేముంది?" అంటూ మాస్టారు పుస్తకంలో బేరింగుల వరుస కొట్టేశారు. "ఇప్పుడు చక్రాల సంగతి చెప్పు. నిజం చెప్పు."

ఇక అతని వల్ల కాలేదు. పెద్దాయన మొహం కళ్ళ ముందు మెదిలి జాలేసింది. అయినా నోరు ఆగలేదు.

"మొదటి జతే మంచిది సార్. తేలిక, చవక, చడీచప్పుడు ఉండదు. రెండోది... అది ఊరికే సందంతా మోగిపోతుంది సార్."

అయిపోయింది, ఆ ఇంటి సంబరం తన చేతుల మీదుగానే అయిపోయింది అనుకున్నాడు మెకానిక్.

మాస్టారు పుస్తకం మూశారు. అటూ ఇటూ చూశారు, అచ్చం వాళ్ళ నాన్నలాగే. తర్వాత రెండో జత మీద చెయ్యి వేసి, గొంతు తగ్గించి అన్నారు:

"అలా మోగేదే కావాలిరా, లేకపోతే నేను ఇన్నేళ్ళుగా సందు మొదట్లోనే దిగి నడిచొచ్చి ఏం లాభం, మా నాన్న బిస్కెట్టు మింగడానికి టైము ఉండొద్దూ!"