కంపెనీ కిలోమీటర్లు

"నిజం చెప్పు లింగస్వామన్నా, బండి మధ్యల ఎవరికన్న ఇస్తున్నవా?"

శైలజ అడిగిన తీరుకు లింగస్వామి మొహం మాడిపోయింది. "కీసరగుట్ట రామలింగేశ్వరుని మీద ఒట్టు మేడం! మీటర్ల ఎక్కిన ప్రతి కిలోమీటరు కంపెనీదే. నా సొంతానిది ఒక్కటంటే ఒక్కటి లేదు."

ఒట్టేసిన మనిషిని ఇంకేం అడుగుతుంది? కానీ మనసు ఊరుకోలేదు.

అది మేడ్చల్‌లో ఒక రేకుల షెడ్డు. రెండువేల ఏడులో కరెంటు బండి అంటే జనం నవ్వే రోజులు. అయినా వీళ్లు పట్టుదలగా ఒక బండి తయారుచేశారు. దాన్ని పొద్దున్నే ఫుల్ ఛార్జింగుతో తీసుకెళ్లి, మేడ్చల్‌కీ షామీర్‌పేటకీ మధ్య ఆగిపోయేదాకా తిప్పడం లింగస్వామి ఉద్యోగం. ఆగినచోట కాయిన్ బాక్సు వెతుక్కుని ఫోన్ చేస్తే ట్రాలీ ఆటో వెళ్లి తెచ్చేది. మీటరు చూసి రాసుకోవడం ఇంజినీరు శైలజ పని.

షెడ్డులో రోలర్ల మీద డెబ్బై కిలోమీటర్లు హాయిగా నడిచే బండి, రోడ్డెక్కితే యాభైకే చేతులెత్తేస్తోంది. శైలజ బ్యాటరీలు మార్చింది. టైర్లు మార్చింది. మోటారు విప్పి మళ్లీ బిగించింది. అదే యాభై. ఆ పిల్ల నిద్రపోయి ఎన్నాళ్లయిందో!

పెట్టుబడి పెట్టేవాళ్లు ఈ సాయంత్రమే ఫోన్ చేస్తారు. రోడ్డు మీద డెబ్బై రాకపోతే షెడ్డుకు తాళమే. శైలజ ఓనరు మధుసూదన్ గదిలోకి వెళ్లింది.

"సార్, డేటాల ఏదో తేడా ఉంది. ఇంకో వారం టైమడుగుండ్రి."

"ఏం తేడా? రోజుకో తీరుగ వస్తే అనుమానపడాలె. ఒకటే మనిషి, ఒకటే రోడ్డు, రోజూ గదే యాభై. గింతకంటే సాఫ్ డేటా యాడ దొరుకుతది?"

"అదే సార్ నా పరేషాన్. ఎండ కొట్టినా అంతే, వాన పడ్డా అంతే. గా ఇరవై ఎటు పోతున్నయో..."

"వాళ్లు ఇంక ఆగరు. షెడ్డు లెక్క చూపించి మోసం జెయ్యమంటవా? నాతోని గాదు శైలజా. పొలం అమ్మి పెట్టిన, మునిగితే నేనే మునుగుత."

ఫోన్ మోగింది. మధుసూదన్ ఉన్నది ఉన్నట్టు యాభై అనే చెప్పాడు. అవతలివాళ్లు ఎక్కువసేపు మాట్లాడలేదు. ఆయన ఫోన్ పెట్టేసి, బల్ల మీద తల ఆనించుకున్నాడు.

అందరూ టిఫిన్ డబ్బాలు సర్దుకుంటున్నారు. సర్దుకోవడానికి డబ్బా కూడా లేని లింగస్వామి బండి తాళంచెవి తెచ్చి శైలజకిచ్చాడు. ఆమెకు ఏడుపొచ్చింది.

"అన్నా, పొద్దున నిన్ను అనుమానపడ్డ. మనసుల పెట్టుకోకు."

"పెట్టుకోను మేడం. ఉద్యోగం పోతే పోయింది, నా ఇమాన్ పోలే. గది చాలు." లింగస్వామి గర్వంగా గుండె మీద చెయ్యేసుకున్నాడు. "కంపెనీ లెక్కల నా సొంత తిరుగుడు కలవొద్దని, రోజూ పగటీలి తుర్కపల్లికి ఇంటికివోయి బువ్వ తిని వచ్చేదాంక, పోను పది రాను పది, మీటరు వైరు పీకే పెట్టిన!"