అవతలి ఒడ్డున అమ్మ

లాక్‌డౌన్ రోజులు. పల్నాడుకీ తెలంగాణకీ మధ్య కృష్ణా నది వంతెన మీద కొత్తగా చెక్‌పోస్టు పెట్టారు. అక్కడ కాపలా ఉన్న హోంగార్డు నజీమా దగ్గరికి మధ్యాహ్నం సైదమ్మ అనే మిరప కూలీ వచ్చింది. అవతలి ఒడ్డున తల్లికి ప్రాణం మీదికొచ్చిందని చెప్పింది.

"పాసుందా?"

"పెళ్లయిన కాణ్ణుంచి ఈ వంతెన మీదే పుట్టింటికి పోతన్నా తల్లీ. ముప్పై ఏళ్లల్లో ఎవరూ ఆపలా."

"అందరూ ఇట్టాగే చెబుతున్నారు. పాసు లేకుండా నేను పంపలేను. పోవమ్మా, పో."

సైదమ్మ చానాసేపు బతిమాలింది. నజీమా మొహం తిప్పుకుంది.

సాయంత్రం నజీమా మేనమామ బండి మీద వచ్చాడు. ఆయనకీ పాసు లేదు. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, అడ్డంగా కట్టిన తాడు ఆమే దించి పంపేసింది.

మర్నాడు సైదమ్మ పాసు తెచ్చుకుంది. కారణం దగ్గర 'తల్లి మరణం' అని రాసి ఉంది. నజీమా పాసు తిరిగిచ్చేసింది. తాడు దించింది.

సైదమ్మ నాలుగడుగులు వేసి ఆగింది.

"నిన్న సాయంత్రం మీ మామ దారిలో కనపడ్డాడమ్మా. మేనకోడలే డ్యూటీలో ఉంది, నన్ను పంపుద్దన్నాడు. మా పుట్టింటి ఊరికే పోతన్నాడంట, నేనొస్తన్నానని మా అమ్మకి చెప్పమన్నా. చెప్పాడంట, మావాళ్లు ఫోన్లో అన్నారు. కన్ను మూసేలోపు అమ్మ విన్నదంట."

నజీమా తలెత్తలేకపోయింది.

"ఆయన్నన్నా పంపావు. చానా మేలు చేశావు తల్లీ," అంది సైదమ్మ.